లెక్కించుట వేఱు, వెంబడించుట వేఱు

తిరునాళ్ళలో ఎందఱు మనుష్యులు ద్వారమును దాటిరో లెక్కించువానిని ఎవ్వరును తప్పుపట్టరు. మఱుసటి యేటికి ఎన్ని చలివేంద్రములు పెట్టవలయునో, ఎన్ని బండ్లు నడుపవలయునో ఆ లెక్కనుబట్టియే తేలును. కాని వచ్చిన ప్రతివాని కండువా చెఱగునకును వానికి తెలియకుండ ఒక సంఖ్యగల చీటిని కుట్టి, వాడు ఏ యంగడికడ ఎంతసేపు నిలిచెనో, ఏ వస్తువును చూచి కొనక వెడలెనో, తిరిగి ఏ దారిని పోయెనో వ్రాసికొనుచు, ఆ వ్రాతను పరాయివారి చేతికిచ్చువాడు బయటపడినచో గ్రామస్థులు వానిని ఊరక విడుతురా? మొదటివాడు లెక్క వ్రాయువాడు. రెండవవాడు వేగులవాడు. ఇద్దఱి చేతులలోను ఉన్నవి కాగితము, కలమే యైనను వారి పనులు వేఱు; వారియెడ మనము చూపవలసిన సహనమును వేఱు.

ఇంటర్నెట్టులో వెబ్‌సైట్లు నడుపువారు తమ సందర్శకుల లెక్క తెలిసికొనుటకు వాడు సాధనములలో ఈ రెండు పనులును నేడు కలగలిసిపోయియున్నవి. ఆ కలయికకు ఆధారమైన చిన్న వస్తువునకు కుకీ యని పేరు. మన పాఠకులలో ప్రతిదినమును చేతిలోని ఫోనుపై ఈ పేరును చూడనివారు అరుదు. చూచి, అది యేమో విచారించినవారు అంతకంటెను అరుదు. తెర క్రిందిభాగమున ఒక పెట్టె లేచును. అందు ఏదో యాంగ్లవాక్యము. దాని ప్రక్కను రంగురంగుల మీట. పాఠకుడు తొందరలో దానిని నొక్కి, తాను చదువవచ్చిన వార్తలోనికి పోవును. ఆ యొక్క నొక్కుతో తాను దేనికి సమ్మతించెనో యెఱుగడు. ఎఱుగని సమ్మతి సమ్మతియా? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము వెదకుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదట ఈ వస్తువు పుట్టుకను విచారింతము. వెబ్ అనునది పుట్టుకతోనే మతిమఱుపు గలది. మన బ్రౌజరు ఒక పుటను అడుగును. ఆవలనున్న సర్వరు దానిని పంపును. పంపినవెంటనే అడిగినవారిని మఱచిపోవును. మరునిమిషముననే అదే మనుష్యుడు రెండవ పుటను అడిగినను, ఆ సర్వరునకు అతడు క్రొత్తవాడే. చదువుకొని వెడలిపోవు పుటలకు ఈ మఱపు వలన ఇబ్బంది లేకపోయెను. కాని అంగడులు వెలసిన పిమ్మట చిక్కు వచ్చెను. ఒక పుటలో పుస్తకమును బుట్టలో వేసికొని రెండవ పుటకు పోవునప్పటికి ఆ బుట్ట యెవరిదో అంగడివానికి తెలియకపోయెను.

1994వ సంవత్సరమున అమెరికాలోని నెట్‌స్కేప్ సంస్థలో పనిచేయుచుండిన లూ మొంటుల్లీ యను యువకుడు ఈ చిక్కునకు ఉపాయము కనుగొనెను. ఒక ప్రోగ్రాము మఱియొకదానికి ఇచ్చి, మార్పులేకుండ తిరిగి పుచ్చుకొను చిన్న ఆనవాలు పొట్లమును ప్రోగ్రాములు వ్రాయువారు అంతకుముందే మాయకుకీ యని వ్యవహరించుచుండిరి. అతడు ఆ పేరునే గ్రహించెను. సర్వరు ఒక చిన్న వ్రాతను బ్రౌజరు చేతికిచ్చును. బ్రౌజరు దానిని దాచుకొని, ఆ సర్వరుకడకు తిరిగి పోవునపుడెల్ల చూపును. మఱచిన సర్వరు ఆ వ్రాతను చూచి గుర్తుపట్టును. అంతియే కుకీ.

మన సంప్రదాయము నెఱిగినవారికి ఈ కథ క్రొత్తది కాదు. దుర్వాసుని శాపమువలన దుష్యంతుడు శకుంతలను మఱచెను. ఉంగరము కనబడినతోడనే సమస్తమును జ్ఞప్తికి వచ్చెను. కాళిదాసు ఆ ఉంగరమునకే అభిజ్ఞానమను పేరు పెట్టి, దానినే నాటకమునకు శీర్షముగా నిలిపెను. మఱపుగల రాజు సర్వరు; ఉంగరము కుకీ. ఐతే ఒక్క భేదము కలదు. శకుంతల తన వ్రేలికి ఉంగరమున్నదని యెఱుగును. ఎవరు తొడిగిరో, ఎందులకు తొడిగిరో యెఱుగును. మన వ్రేళ్ళకు నేడు తొడుగబడుచున్న ఉంగరములు ఎన్నియో, వానిని తొడిగినవారు ఎవరో మన మెఱుగము. ఈ వ్యాసమున మేము చెప్పదలచినదంతయు ఈ భేదములోనే యున్నది.

గమనింపదగిన విశేషము మఱియొకటి. కుకీకి లభించిన మొట్టమొదటి పని, నెట్‌స్కేప్ వారి వెబ్‌సైటునకు వచ్చినవాడు క్రొత్తవాడా, మునుపు వచ్చినవాడా యని తెలిసికొనుట. అనగా అంగడిబుట్ట కొఱకు సంకల్పింపబడిన సాధనము, ఊయలలో నుండగనే, సందర్శకుల లెక్కకు వినియోగపడినది. ఆనాటి బ్రౌజరు వాడినవారికి తమ యంత్రములో ఇట్టి వ్రాత దాగుచున్నదని ఎవ్వరును చెప్పలేదు. 1996వ సంవత్సరపు ఫిబ్రవరిలో లండనునందలి ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక దీనినిగూర్చి వ్రాసినపిమ్మటనే లోకమునకు తెలిసినది. ప్రజలకు చెప్పకుండ మొదలైన పనికి సంజాయిషీ చెప్పుకొనుటలోనే తరువాతి ముప్పదియేండ్లును గడచినవి.

ఇక లెక్క తీయు సాధనముల సంగతి. వీనిలో మిక్కిలి వ్యాపించినది గూగుల్ ఎనలిటిక్స్. అమెరికాలోని సాన్‌డియాగో పట్టణమున అర్చిన్ అను చిన్న సంస్థ యుండెను. దానిని 2005వ సంవత్సరమున గూగుల్ కొని, ఆ యేటి నవంబరులో ఈ సాధనమును ఉచితముగా లోకమున కందించెను. ఉచితమైన వస్తువు వేగముగా పాకును. వర్తకులు, పాఠశాలలు, పత్రికలు, ప్రభుత్వకార్యాలయములు, చేతివృత్తివారు, అందఱును తమ పుటలలో దానిని చేర్చుకొనిరి. తొలినాటి రూపములో యూ.టీ.ఎమ్.ఏ. అను పేరుగల కుకీలో ఆఱు భాగములుండెడివి: ఏ వెబ్‌సైటునకు సంబంధించినదో తెలుపు సంఖ్య, సందర్శకునకు ఇచ్చిన సంఖ్య, మొదట వచ్చిన కాలము, క్రిందటిసారి వచ్చిన కాలము, ఇప్పుడు వచ్చిన కాలము, ఇప్పటికి ఎన్నిసార్లు వచ్చెనను లెక్క. చిన్న జాతకచక్రమే అనవచ్చును. ఆ తరమువానిలో చివఱిది 2023వ సంవత్సరపు జులైలో లెక్కలు పుచ్చుకొనుట మానినది. 2020లో వెలువడిన నాలుగవ తరము దాని స్థానమున నిలిచినది.

నేటి సాధనము పనిచేయు విధము ఇట్టిది. వెబ్‌సైటు యజమాని తన పుటలో నాలుగు పంక్తుల వ్రాత నొకదానిని చేర్చును. మనము ఆ పుటను తెఱచినతోడనే ఆ వ్రాత గూగుల్ సర్వరునుండి ఒక చిన్న ప్రోగ్రామును రప్పించి మన బ్రౌజరులో నడిపించును. అది మొదట మనకడ జీ.ఏ. అను పేరుగల కుకీ యున్నదా యని చూచును. లేనిచో ఏదో యొక సంఖ్యను కల్పించి, దానికి మన మొదటి రాక కాలమును జోడించి, రెండు సంవత్సరముల ఆయుర్దాయముతో మన యంత్రములో దాచును. ఉన్నచో దానిని చదువును. పిమ్మట ఆ సంఖ్యతోపాటు మనము చదువుచున్న పుట చిరునామాను, ఏ దారిని వచ్చితిమో దానిని, మన తెర కొలతను, మన భాషను గూగుల్ సర్వరునకు పంపును. పుట మాఱినపుడెల్ల ఇదే తంతు. ముప్పది నిమిషములపాటు మనవలన చలనము లేకున్న ఒక దర్శనము ముగిసినట్లు లెక్క. తిరిగి కదలినచో రెండవ దర్శనము.

ఇందు రెండు సంగతులను నిష్పక్షపాతముగా చెప్పవలసియున్నది. మొదటిది, ఈ కుకీలో మన పేరుగాని ఊరుగాని ఉండదు. సంఖ్య మాత్రమే యుండును. రెండవది, ఈ కుకీ మనము పోయిన వెబ్‌సైటు పేరుననే దాచబడును గనుక ఒక్కొక్క వెబ్‌సైటులో మన సంఖ్య ఒక్కొక్కటి. ఒకచోటి సంఖ్య మఱియొకచోట చెల్లదు. కావున ఈ యొక్క కుకీయే మనలను ఊరూర వెంబడించుచున్నదనుట సత్యము కాదు. వెంబడించునవి వేఱే కలవు. వానిని ముందు చెప్పెదము. శత్రువునైనను చేయని నేరమునకు నిందింపరాదు.

ఈ లెక్క ఎంతమాత్రము నమ్మదగినదనునది వేఱు విచారము. కుకీ లెక్కించునది మనుష్యులను కాదు, బ్రౌజరులను. ఒకడే ఉదయము ఫోనులోను, మధ్యాహ్నము ఆఫీసులోని కంప్యూటరులోను ఒకే పుటను చూచినచో సాధారణముగా ఇద్దఱగును. తల్లియు, తండ్రియు, బిడ్డయు ఒకే ఫోనును వాడినచో ముగ్గురును ఒక్కరగుదురు. కుకీలను తుడిచివేసికొనినవాడు పునర్జన్మ మెత్తినట్లు క్రొత్తవాడై వచ్చును. ఆపిల్ వారి సఫారీ బ్రౌజరు ఇట్టి ప్రోగ్రాములు వ్రాయు కుకీల ఆయువును 2019 నుండి ఏడుదినములకు తగ్గించినది. పక్షమున కొకసారి వచ్చు నమ్మకస్థుడైన పాఠకుడు ప్రతిసారియు అపరిచితుడుగనే కనబడును. ఇట్టి లెక్కలను శిలాశాసనములవలె నమ్మి నిర్ణయములు చేయువారు తమనుతామే మోసపుచ్చుకొనుచున్నారు.

ఐనను ఈ లెక్కకు ప్రయోజనము లేదని మే మనము. మిరపపైరు తెగుళ్ళనుగూర్చి తెలుగున పుటలు వ్రాయువానికి ఏ పుటను రైతులు ఎక్కువగా తెఱచుచున్నారో తెలియవలయును. దరఖాస్తు ఫారము నింపువారు ఏ గడికడ విసిగి వెడలిపోవుచున్నారో పాఠశాలవారికి తెలిసినచో ఆ గడిని సరిదిద్దుదురు. చిన్న ఫోనులలో పుట సరిగా కనబడుటలేదని తెలిసినచో దానిని బాగుచేయుదురు. ఇది సేవకు సంబంధించిన జిజ్ఞాస. దీనిని మేము గౌరవింతుము. ఐతే ఈ జిజ్ఞాసకు కావలసినది ఎందఱు, ఎచట, ఎంత అను మూడు మాటలు. ఎవడు అను మాట దీనికి అక్కఱలేదు. లెక్క ఎక్కడ ముగిసి వెంబడింపు ఎక్కడ మొదలగుచున్నదో చెప్పు గీటు ఈ నాలుగవ మాటయే.

ఆ నాలుగవ మాట ఎట్లు వచ్చెనో చూతము. ఒక పుట తెఱచినపుడు అందలి వస్తువులన్నియు ఆ పుట యజమాని యింటినుండియే రావు. ప్రకటన బొమ్మ ప్రకటనల కంపెనీ సర్వరునుండి వచ్చును. వచ్చునపుడు ఆ కంపెనీయు మనకు తన ఉంగరమును తొడుగగలదు. ఉదయము మనము రోగమునుగూర్చి చదివిన పుటలోను, మధ్యాహ్నము అప్పులనుగూర్చి వెదకిన పుటలోను, రాత్రి పెండ్లిసంబంధములు చూచిన పుటలోను అదే కంపెనీ ప్రకటన యున్నచో, మూడుచోట్లను అదే ఉంగరము చూపబడును. మూడు పుటల యజమానులును ఒకరినొకరు ఎఱుగరు. మూడిటినుండియు చూచినవాడు మాత్రము ఒక్కడు. అతని యింటికి మనము పోలేదు. అతనిని మనము పిలువలేదు. దీనినే మూడవవాని కుకీ యందురు.

ఈ ప్రమాదమును ముందే కనిపెట్టినవారు లేకపోలేదు. 1997వ సంవత్సరపు ఫిబ్రవరిలో ఇంటర్నెట్టు ప్రమాణములను నిర్ణయించు ఇంజనీర్ల సంఘము కుకీలకు తొలి నిబంధనావళిని ప్రకటించెను. వాడువాడు కోరిననే తప్ప ఇట్టి మూడవవాని కుకీలను బ్రౌజరులు అనుమతింపరాదని అందు చెప్పబడినది. దానిని వ్రాసిన ఇద్దఱిలో ఒకడు కుకీని కనుగొన్న మొంటుల్లీయే. కాని నాటి పెద్ద బ్రౌజరులు రెండును, నెట్‌స్కేప్‌దియు మైక్రోసాఫ్ట్‌దియు, ఆ నిబంధనను ఆచరణలో పెట్టలేదు. అప్పటికే ప్రకటనల వర్తకము ఈ దారిని నడచుట మొదలుపెట్టినది. నిబంధన కాగితముమీద నిలిచినది. లాభము దారి పట్టినది.

ఆ దారి ఎచటికి పోయెనో చూడుడు. ప్రకటనల కంపెనీలలో అగ్రగణ్యమైన డబుల్‌క్లిక్, అమెరికాలోని గృహస్థుల కొనుగోళ్ళ చిట్టాలను ఉంచుకొన్న అబాకస్ డైరెక్ట్ అను సంస్థను 1999లో కొనెను. సంఖ్యలను పేర్లతో కలుపు ఉద్దేశ్యము బయటపడగా గొప్ప అలజడి పుట్టి, 2000వ సంవత్సరపు మార్చిలో ఆ సంస్థ వెనుకంజ వేసెను. 2008లో గూగుల్ డబుల్‌క్లిక్‌ను తనలో కలుపుకొనెను. డబుల్‌క్లిక్ కుకీలవలన తెలిసినదానిని వ్యక్తుల పేర్లతోను వివరములతోను వారి సమ్మతి లేక కలుపబోమని గూగుల్ తన విధానపత్రములో వ్రాసికొనియుండెను. 2016వ సంవత్సరపు వేసవిలో ఆ వాక్యమును కొట్టివేసి, ఖాతాదారుల ఎంపికలనుబట్టి కలుపవచ్చునని వ్రాసెను. వాగ్దానము వర్తకుని చేతి సుద్దముక్కతో వ్రాసినదైనచో, తుడుచు గుడ్డయు అతని చేతిలోనే యుండును.

సంఖ్య మాత్రమే గదా, పేరు లేదు గదా యను సమాధానము తఱచు వినబడుచున్నది. దానికి 2006వ సంవత్సరపు ఆగస్టే ప్రత్యుత్తరము. అమెరికాలోని ఏ.ఓ.ఎల్. సంస్థ పరిశోధకుల ఉపయోగార్థమని సుమారు 6,50,000 మంది వాడుకరులు మూడునెలలలో వెదకిన సుమారు 2 కోట్ల వెదుకులాటలను, పేర్లు తీసివేసి సంఖ్యలు పెట్టి, బహిరంగపఱచినది. కొలదిదినములలోనే న్యూయార్క్ టైమ్స్ విలేఖరులు ఒక సంఖ్య వెనుకనున్న వృద్ధురాలిని ఆమె యింటికి పోయి కనుగొనిరి. ఆమె వెదకిన మాటలే ఆమె ఊరిని, వయస్సును, బంధువులను చెప్పివేసినవి. మనుష్యుని పేరు అతని యడుగుజాడలలోనే యున్నది. తగినన్ని యడుగులు చేరినపిమ్మట పేరు దాచుట గడ్డివామిలో ఏనుగును దాచుటవంటిది.

వర్తకుడు కూడబెట్టినది వర్తకునికడనే యుండునను భరోసాయు లేదు. ఎడ్వర్డ్ స్నోడెన్ వెలికితెచ్చిన పత్రములనుబట్టి, అమెరికా జాతీయ భద్రతా సంస్థ తాను గుఱిపెట్టినవారిని గుర్తించుటకు గూగుల్ వారి కుకీనే వాడుకొనుచుండెనని 2013 డిసెంబరులో వాషింగ్టన్ పోస్టు పత్రిక ప్రకటించెను. చెప్పులు అమ్ముటకు తొడిగిన ఉంగరము వేగుశాఖకు ఆనవాలైనది. ప్రజల యడుగుజాడలు ఒకచోట రాశిపోయబడియున్నంతకాలము, దానిని వాడుకొనగోరు అధికారి ఎప్పుడో యొకప్పుడు వచ్చును. ఈ సత్యమునకు దేశభేదము లేదు.

ఐరోపావారు దీనిని చట్టముతో కట్టుటకు యత్నించిరి. 2009లో సవరింపబడిన వారి శాసనము, అత్యవసరమైనవి తప్ప తక్కిన కుకీలను పెట్టుటకు ముందు సమ్మతి పొందవలెనని విధించెను. 2018 మే 25వ తేదీనుండి అమలునకు వచ్చిన సమాచార సంరక్షణ శాసనము సమ్మతి యనగా నేమో బిగించి చెప్పెను. ముందే టిక్కు పెట్టియుంచిన గడి సమ్మతి కాదని 2019 అక్టోబరు 1వ తేదీన ఐరోపా న్యాయస్థానము తీర్పు చెప్పెను. అంగీకరించుట ఒక నొక్కులోను, నిరాకరించుట అనేకమైన నొక్కులలోను పెట్టుట అన్యాయమని ఫ్రాన్సునందలి సమాచార సంరక్షణాధికార సంస్థ గూగుల్‌పై 15 కోట్ల యూరోలను, ఫేస్‌బుక్‌పై 6 కోట్ల యూరోలను జరిమానాగా విధించినట్లు 2022 జనవరిలో ప్రకటించెను. ఆ కాలముననే ఆస్ట్రియా, ఫ్రాన్సు దేశముల అధికారులు గూగుల్ ఎనలిటిక్స్ ద్వారా తమ ప్రజల సమాచారము సరియైన రక్షణ లేక అమెరికాకు పోవుచున్నదని, అట్టి వాడుక శాసనవిరుద్ధమని నిర్ణయించిరి. 2023 జులైలో ఇరుపక్షములకును క్రొత్త యొడంబడిక కుదిరి ఆ చిక్కు సడలినది.

జరిమానాలకంటె మమ్ము ఆకర్షించినది ఫ్రాన్సువారి మఱియొక నిర్ణయము. పుట యజమాని తన స్వంత లెక్కకు మాత్రమే, మొత్తముల రూపమున మాత్రమే వాడుకొని, ఇతర వెబ్‌సైట్ల సమాచారముతో కలుపక, మూడవవానికి అందింపక యుండు సాధనమునకు సమ్మతి పెట్టె అక్కఱలేదని వారు మినహాయింపు నిచ్చిరి. కుకీ ఆయువు 13 నెలలు, లెక్కల ఆయువు 25 నెలలు దాటరాదని సూచించిరి. లెక్కించుట వేఱు, వెంబడించుట వేఱు అను మా మాటకు ఇంతకంటె స్పష్టమైన యుదాహరణము దొరకదు. ఇది ఆచరణసాధ్యమే. 2007లో పుట్టి నేడు మటోమో యని పిలువబడుచున్న సాధనమును ఎవరైనను తమ స్వంత సర్వరులోనే పెట్టుకొని, కుకీలు లేకయే నడుపవచ్చును. అంతకంటెను ప్రాచీనమైన పద్ధతి, సర్వరు సహజముగా వ్రాసికొను దినచర్యనుండియే పుటల లెక్క తీయుట.

బ్రౌజరులు చేయువారే మనలను రక్షింతురని చేతులు ముడుచుకొని కూర్చుండువారికి ఒక మాట. 2019లో ఫైర్‌ఫాక్స్ తనకు తెలిసిన వెంబడింపు కుకీలను తానుగనే అడ్డగించుట మొదలుపెట్టినది. 2020లో సఫారీ మూడవవాని కుకీలన్నిటిని నిలిపివేసినది. క్రోమ్ బ్రౌజరు యజమానియైన గూగుల్ కూడ రెండేండ్లలో వానిని తొలగింతునని 2020 జనవరిలో ప్రకటించెను. పిమ్మట గడువును ఒకటికి మూడుసార్లు పొడిగించెను. 2024 జులైలో ఆ సంకల్పమునే విడిచిపెట్టెను. ప్రకటనలవలన జీవించువాడు ప్రకటనల కన్నులను తానే మూయునని యాశించుట మన యమాయకత్వము. అంతేకాక, కుకీలు పోయినను వెంబడింపు పోదు. తెర కొలత, అక్షరరూపములు, యంత్రలక్షణములు కూర్చి బ్రౌజరును వ్రేలిముద్రవలె గుర్తించు ఉపాయములు కలవు. కావున మన వివాదము ఆ చిన్న వ్రాతతో కాదు. దానిని వాడు బుద్ధితో.

ఇక మన దేశమును చూతము. 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టునందు తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా, వ్యక్తి ఏకాంతము రాజ్యాంగము హామీయిచ్చిన మౌలికహక్కు అని ప్రకటించిరి. కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసి విరమించిన పుట్టస్వామిగారు వేసిన వ్యాజ్యమది. 2023 ఆగస్టులో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార సంరక్షణ చట్టమును చేసెను. 2025 నవంబరులో దాని నియమములు వెలువడినవి. సమాచారము సేకరించువారి ముఖ్యబాధ్యతలు అమలునకు వచ్చుటకు ఆనాటినుండి పదునెనిమిది నెలల గడువు ఈయబడినది.

ఆ చట్టములో కుకీ యను మాట లేదు. కాని ఉన్న మాటలు చాలును. సమ్మతి స్వేచ్ఛగా, ఒక నిర్దిష్టప్రయోజనము కొఱకు, తెలిసి, షరతు లేక, స్పష్టమైన చేతద్వారా ఈయబడవలెను. ఇచ్చుట ఎంత సులభమో ఉపసంహరించుట అంత సులభముగా నుండవలెను. పదునెనిమిదేండ్లు నిండని బాలబాలికల ప్రవర్తనను వెంబడించి గమనించుటయు, వారిని గుఱిగా పెట్టి ప్రకటనలు పంపుటయు, కొన్ని మినహాయింపులకు లోబడి, నిషిద్ధము. అన్నిటికంటె తెలుగువారికి ముఖ్యమైనది మఱియొకటి. సమ్మతిని అడుగు పత్రమును ఆంగ్లమునగాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలునందలి ఏ భాషయందుగాని చదువుకొను సౌకర్యము కల్పింపవలెను. అనగా తెలుగున అడుగుమని కోరుట తెలుగువాని హక్కు. దయ కాదు, మర్యాద కాదు, హక్కు. లోపమును కూడ చెప్పవలెను: ప్రభుత్వము తన సంస్థలను కొన్ని కారణములపై ఈ చట్టమునుండి మినహాయించుకొనగల యధికారమును చట్టమే యిచ్చుచున్నది. వర్తకుని కట్టిన త్రాడు అధికారిని కట్టనిచో రక్షణ సగమే.

ఇంతవఱకు పరులను విమర్శించితిమి. మా వృత్తివారిని విడిచిపెట్టినచో అది కపటమగును. ఈ మధ్య మేము ఒక తెలుగు వార్తాపుటను తెఱచితిమి. శీర్షిక తెలుగు, వార్త తెలుగు, వ్రాసినవారు తెలుగువారు. కుకీల పెట్టె మాత్రము ఆంగ్లము. అన్నిటిని అంగీకరింతునను మీట పెద్దదై పచ్చగా వెలుగుచున్నది. నిరాకరింతునను మీటకొఱకు వెదకగా, మూడవ మెట్టుమీద, బూడిదరంగులో, సన్నని యక్షరములలో కనబడినది. ఆంగ్లము రాని రైతుగాని గృహిణిగాని అచ్చట ఏమి చేయగలరు? ప్రజాస్వాతంత్ర్యమునుగూర్చి సంపాదకీయములు వ్రాయు పుటయే, తనను చదువవచ్చిన ప్రజల జాడలను తెలియనివారికి అప్పగించుచున్నచో, ఆ సంపాదకీయమునకు విలువ యేమి?

పత్రికలకు మఱియొక యపాయమును కలదు. ఏ శీర్షికను ఎందఱు నొక్కిరో గడియగడియకు తెలియుచుండగా, సంపాదకుని కన్ను సత్యమునుండి సంఖ్యమీదికి జాఱును. నొక్కిన లెక్క పాఠకుని చపలతను కొలుచును. అతని మనస్సులో నిలిచినదానిని కొలువదు. కాలువకు గండిపడినదను వార్తను నూర్గురే చదువవచ్చును; కాని ఆ నూర్గురి పంటయు దానిమీద ఆధారపడియుండవచ్చును. ప్రకటనలు లేక పత్రిక బ్రదుకలేదని మాకును తెలియును. కాని పంటలపుటలో ఎరువుల ప్రకటన వేయుటకు చదువరి యెవడో తెలియనక్కఱలేదు. పుట ఏదో తెలిసిన చాలును. తరతరములుగా పత్రికలు అట్లే బ్రదికినవి.

కావున మా సూచనలు ఇవి. వెబ్‌సైటు నడుపువారు మొదట తమనుతాము ప్రశ్నించుకొనవలెను: ఈ లెక్కతో ఏమి చేయుచున్నాము? చూడని లెక్కకొఱకు మనుష్యులకు చీటీలు కుట్టుట పాపము. కావలసినంతయే లెక్కింపవలెను, తమ యింటనే లెక్కింపవలెను, గడువు తీరినదానిని తుడిచివేయవలెను. సమ్మతి అవసరమైనచో తెలుగున అడుగవలెను. అంగీకారపు మీటయు నిరాకరణపు మీటయు ఒకే చోట, ఒకే పరిమాణమున ఉండవలెను. నిరాకరించినవానికి వార్త నిరాకరింపరాదు.

పాఠకులు చేయదగినదియు కలదు. బ్రౌజరులోని సెట్టింగులలో మూడవవాని కుకీలను నిలుపు మీట కలదు. దానిని ఇంటిలోని చదువుకొన్న పిల్లలచేత వేయించుకొనవచ్చును. నెలకొకసారి కుకీలను తుడిచివేసికొనవచ్చును. అందువలన వచ్చు నష్టము, కొన్నిచోట్ల పాస్‌వర్డు మరల వ్రాయవలసివచ్చుట మాత్రమే. పెట్టె లేచినపుడు అరనిమిషము నిలిచి నిరాకరణపు మీటకొఱకు వెదకవలెను. అది కనబడనిచో ఆ వెబ్‌సైటువారికి ఒక యుత్తరము వ్రాయవలెను; తెలుగుననే వ్రాయవలెను. అడుగువారు లేనిదే హక్కు అచ్చుకాగితము దాటి రాదు.

శకుంతల ఉంగరము నీటిలో జాఱిపోయెను, రాజు మఱచెను, ఆమె దుఃఖించెను. గుర్తింపబడకపోవుట ఆమె దుఃఖము. ఎల్లప్పుడును, ఎల్లయెడలను, ఎల్లవారిచేతను గుర్తింపబడుచుండుట మన దుఃఖము. మఱపును కోరుకొనుటయు మనుష్యుని స్వాతంత్ర్యములో నొక భాగమే. ఉంగరము తొడుగవచ్చినవానిని, నీ వెవరవు, ఎందులకు, ఎంతకాలమని అడుగుట మొదలుపెట్టుదము. ప్రత్యుత్తరము మన భాషలో, సూటిగా వచ్చినచో వ్రేలు చాపవచ్చును. రానిచో పిడికిలి బిగించుటయే తగును.